రోజుకు నాలుగు చుక్కలు

మా అక్క కుట్టిన చోటు ఎవరికీ కనిపించేది కాదు. అదే ఆమె పని. సిగరెట్టు నిప్పు పడి కాలిన కోటు, మేకు తగిలి చిరిగిన పట్టుబట్ట, ఎలకలు కొరికిన శాలువా ఏది తెచ్చినా సరే, ఆ బట్ట లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, వాటితోనే చిల్లుని నేసినట్టుగా పూడ్చేసేది. రఫ్ఫు అంటారు ఆ పనిని. బట్ట తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కిటికీ దగ్గరికెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకీ చిరుగు ఎక్కడమ్మా?" అని అడిగితే అక్క మొహం వెలిగిపోయేది.

"మీకే తెలియాలి. నాకైతే గుర్తులేదు" అనేది.

వీధి వైపు గదే ఆమె దుకాణం. వెనక రెండు గదుల్లో అక్క, బావ, నేను ఉండేవాళ్ళం. బావ సిటీ బస్సు డ్రైవరు. నాది కంటి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. పెళ్ళెందుకు చేసుకోలేదని నన్నెవరైనా అడిగితే అక్కే అందుకునేది: "దానికి సూక్ష్మజీవులతోనే తీరిక లేదండీ. మొగుణ్ణి ఎక్కడ పెడుతుంది?"

అక్కకి పన్నెండేళ్ళుగా షుగరు. అది మెల్లగా కళ్ళ వెనక పొరల్లోకి దిగింది. అక్కడ నీరు చేరి, సూది బెజ్జం రెండుగా కనిపించడం మొదలయ్యాక మా ఆసుపత్రిలోనే చూపించాం. కంట్లోకి ఇంజెక్షన్లు ఇవ్వాలన్నారు. ఒక నెల ఎడమ కంటికి, ఒక నెల కుడి కంటికి. ఇచ్చిన ప్రతిసారీ ఒక చిన్న సీసా చేతిలో పెట్టేవారు. యాంటీబయాటిక్ చుక్కలు. రోజుకు నాలుగుసార్లు, ఐదు రోజులు. ఆ వానాకాలం వచ్చేసరికి ఇంజెక్షన్లు పద్ధెనిమిది అయ్యాయి, సీసాలూ పద్ధెనిమిది అయ్యాయి.

చుక్కలు వేసేది నేనే. దారప్పోగుని గాలిలో పట్టుకుని సూదిలోకి ఎక్కించగల మనిషికి కంట్లో చుక్క వేసుకోవడం మాత్రం చేతనయ్యేది కాదు. సగం మందు చెంప మీదే. అందుకని పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి, పడుకునేముందు ఒకసారి. అక్క తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని పడుకునేది. "నోట్లో కాదే, కంట్లో" అని నేను ఏడిపించేదాన్ని.

ఇప్పుడు నా పని సంగతి చెప్పాలి. కంటికి ఏ ఆపరేషన్ చేయాలన్నా ముందు రెప్ప అంచుని దూదిపుల్లతో తుడిచి ల్యాబుకి పంపుతారు. దాన్ని మేము గాజు పళ్ళెంలో పరిచి పెంచుతాం. తరవాత మందులు అద్దిన కాగితపు బిళ్ళలు దాని మీద పెడతాం. మందు పనిచేసేదైతే బిళ్ళ చుట్టూ ఖాళీగా ఒక వలయం ఏర్పడుతుంది. పనిచేయకపోతే సూక్ష్మజీవులు ఏమీ పట్టనట్టు బిళ్ళ అంచుదాకా పెరిగిపోతాయి.

అక్క కంట్లో నేను వేస్తున్న మందుకే వలయాలు చిక్కిపోతున్నాయని నేను గమనించి అప్పటికి మూడేళ్ళు. అందరికీ కాదు. నెలనెలా ఇంజెక్షన్లు చేయించుకుని, నెలనెలా చుక్కలు వేసుకునేవాళ్ళకి. ఎందుకో నాకు బాగానే తెలుసు. ఐదు రోజులు చుక్కలు వేస్తే నీరసంగా ఉన్నవి చచ్చిపోతాయి, గట్టివి మిగులుతాయి. నెల తిరిగేసరికి ఆ గట్టి వాటి సంతానమే రెప్పంతా ఉంటుంది. మళ్ళీ ఐదు రోజులు. లొంగనివాటిని ఏరి మరీ పెంచుతున్నాం మేము. ఇదంతా నేనొక పొడుగాటి పుస్తకంలో రాసి పెట్టాను. లొంగని ప్రతి కేసు పక్కనా ఎర్ర సిరాతో గుర్తు. మొదటి పేజీల్లో అక్కడొకటీ అక్కడొకటీ ఉండే ఎరుపు, చివరి పేజీల్లో పై నుంచి కిందిదాకా పాకింది.

వానలు మొదలైన వారం ఆ పుస్తకం పట్టుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్ళాను. అలా వెళ్ళడం అది మూడోసారి.

ఆయన రెండు పేజీలు తిప్పారు. "ఓపిక ఉందమ్మా నీకు" అన్నారు.

"ఇంజెక్షన్ తరవాత ఇచ్చే చుక్కలు ఆపేస్తే మంచిదేమో సార్. వాటివల్ల ఉపయోగం లేకపోగా..."

"చుక్కలిచ్చేది సూక్ష్మజీవుల కోసం అనుకుంటున్నావా? మనిషి కోసం. కంట్లో సూది గుచ్చించుకున్నవాణ్ణి ఉత్త చేతులతో ఇంటికి పంపిస్తే వాడికి నిద్ర పడుతుందా? పైగా రేపేదైనా అయితే చుక్కలెందుకివ్వలేదని అందరూ నా గొంతు మీద కూర్చుంటారు."

"మరి ఇచ్చాక కూడా ఏదైనా అయితే సార్?"

"ఇచ్చాం కదా అని చెప్పుకోవచ్చు."

వేళాకోళానికి అన్న మాట కాదది. ఆయన చెయ్యి చాలా మంచిదని, సూది గుచ్చినట్టే తెలియదని ఊరంతా చెప్పుకుంటారు. అది నిజమే. మా బావ అయితే ఆయన ఫోటో ఒకటి దొరికితే బస్సులో పెట్టుకునేవాడు. నేను పుస్తకం చంకలో పెట్టుకుని, "సరే సార్" అని వచ్చేశాను. మూడుసార్లూ అంతే. ఇంటికొచ్చి అక్కని తల వాల్చమని చుక్కలు వేశాను. డాక్టరు రాసిచ్చింది వద్దనడానికి నేనెవర్ని అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ తరవాతి మంగళవారం అక్కకి ఎడమ కంటి ఇంజెక్షన్. నేనూ లోపలికి వెళ్ళాను. ఇంజెక్షన్ ముందు కంట్లో గోధుమరంగు అయోడిన్ మందు వేసి కాసేపు ఉంచుతారు. నిజానికి కంటిని కాపాడేది అది. కానీ మంటెక్కిస్తుంది. అక్క కుర్చీ చేతులు పట్టుకుని, "అమ్మో, కారం కొట్టేశారే!" అని మూలిగింది. నర్సమ్మ నా వంక చూసింది. మేమిద్దరం పదేళ్ళుగా ఒకే టిఫిన్ డబ్బా పంచుకుని తిన్నవాళ్ళం.

"పాపం, చాల్లే, కడిగెయ్యండి. ఎలాగూ చుక్కలు వేస్తాంగా" అన్నాను నేను.

ఆవిడ కడిగేసింది. ఆ మాటన్నది బావ కాదు, అక్క కాదు. మూడేళ్ళపాటు ఆ పుస్తకం రాసిన నేను.

శనివారం మధ్యాహ్నం అక్క దుకాణంలోంచి కేకేసింది. "ఏమే, లైటు ఇలా మసకేసిందేం? బల్బు మార్చాలేమో చూడు."

బల్బు బాగానే వెలుగుతోంది. అక్క కన్నే ఎర్రగా ఉంది. ఆదివారం పొద్దుటికి నొప్పి మొదలైంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఎత్తాడు. అంతా విని, "చుక్కలు గంటకోసారి వెయ్యండి మేడమ్. రేపు ఉదయాన్నే తీసుకురండి, పెద్ద డాక్టరు గారు ఉంటారు" అన్నాడు.

గంటకోసారి వేశాను. బయట ఒకటే వాన. బావ గోడ గడియారం కింద స్టూలు వేసుకుని, డిపోలో బండి వదిలినట్టు నిమిషం తప్పకుండా, "టైమైంది" అని అరిచేవాడు. సాయంత్రానికి నేను చూపించిన వేళ్ళు ఎన్నో అక్క చెప్పలేకపోయింది.

"ఇప్పుడే తీసుకెళ్ళిపోదామా?" అన్నాడు బావ, చొక్కా తొడుక్కుంటూ.

"రేపన్నారుగా" అన్నాను నేను.

సోమవారం పెద్ద డాక్టరు కన్ను చూసి నేరుగా థియేటర్‌లోకి తీసుకుపోయారు. కంటి లోపలి నుంచి కాస్త నీరు తీసి, బలమైన మందులు లోపలికి ఎక్కించారు. ఆ తీసిన నీరు నా బల్ల మీదకి వచ్చింది. సిరంజి మీద పేరుండదు, నంబరే ఉంటుంది. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు.

"నేను చూడనా?" అని పక్క బల్ల ఆయన అడిగాడు. వద్దన్నాను.

గాజుపలక మీద రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఊదారంగు గుత్తులు. రెప్పల మీద ఉండే రకం. బుధవారం ఉదయం పళ్ళెం మూత తీశాను. మిగతా బిళ్ళల్లో కొన్నిటికి వలయాలున్నాయి. చుక్కల మందు బిళ్ళకి లేదు. అంచుని ఆనుకుని, ఒకవైపు బిళ్ళ మీదకి కాస్త ఎక్కేసి కూడా పెరిగాయి. కొలవడానికి స్కేలు తీశాను గానీ కొలవడానికేమీ లేదు. రిపోర్టు రాసి సంతకం పెట్టి పంపించాను. తరవాత వాష్‌బేసిన్ దగ్గర చేతులు కడుక్కున్నాను. కడుక్కుంటూనే ఉన్నానట. పక్క బల్ల ఆయన వచ్చి కుళాయి కట్టేశాడు.

లోపలికి ఎక్కించిన మందు పనిచేసింది. అన్నీ చచ్చాయి. కానీ అప్పటికే అవి ఆ కంట్లో చేయాల్సిందంతా చేసేశాయి. షుగరుతో ముందే అంతంతమాత్రంగా ఉన్న పొర అది. రెండు వారాల తరవాత పరీక్షలో ఎడమ కంటికి వెలుగూ చీకటీ తేడా తెలుస్తోంది, అంతే.

వరండాలో నిలబెట్టి చెప్పారు పెద్ద డాక్టరు. "దురదృష్టం. ఎక్కడో ఒకరికి ఇలా అవుతుంది. షుగరు ఉన్నవాళ్ళకి మరీనూ." బావ వైపు తిరిగారు. "చుక్కలు సరిగ్గా వేశారా? మధ్యలో మానలేదు కదా?"

"లేదండీ. గడియారం చూసుకుని వేశామండీ" అన్నాడు బావ, తప్పు చేసినవాడిలా చేతులు కట్టుకుని.

నా ఒళ్ళు భగ్గుమంది. రిపోర్టు ఆయన చేతిలోనే ఉంది, నా సంతకంతో.

ఇంటికొచ్చాక బావ అక్క పక్కన కూర్చుని, "పోనీలే, కంటితో పోయింది. ప్రాణం మీదకి రాలేదు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, చెయ్యాల్సిందంతా చేశాడు" అన్నాడు.

"చెయ్యకూడనిది చేశాడు!" అని అరిచాను. వానకి కిటికీలన్నీ మూసి ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే వీధంతా పోగయ్యేది. మొత్తం చెప్పేశాను. పుస్తకం, ఎర్ర గుర్తులు, ఆయన గదికి మూడుసార్లు వెళ్ళడం, అయోడిన్ కడిగేయమనడం, పళ్ళెం. బావ నోరెళ్ళబెట్టి విన్నాడు. అక్క కంటి మీద కట్టుతో గోడవైపు తిరిగి విన్నది.

"అయితే నీకు తెలుసు" అంది చివరికి.

"తెలుసు."

"ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళు."

"తెలిసే నా కంట్లో వేశావు. రోజుకు నాలుగుసార్లు. జోకులేస్తూ."

అక్క గోడవైపు నుంచి నా వైపు తిరిగింది.

"ఆ పుస్తకంలో నేనెన్నో పేజీయే?"

ఉంది ఆ పేజీ. ఏడాది కిందట అదే కంటికి శుక్లం ఆపరేషన్ చేసినప్పుడు పరీక్షకొచ్చింది. దాని పక్కనా ఎర్ర గుర్తు పెట్టాను. పెట్టింది నేనే. పెట్టి, పేజీ తిప్పాను.

అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఏం కావాలన్నా బావకి చెప్పేది. నేను ఎదురుగా కూర్చునే ఉండేదాన్ని. "దాన్ని ఆ కిటికీ వెయ్యమను, జల్లు కొడుతోంది" అనేది. బావ నా వైపు తిరిగి, "కిటికీ వెయ్యమంటోంది" అనేవాడు. ఇల్లంతా కలిపి నాలుగడుగులు లేదు, మా మధ్య బావ కండక్టర్‌లా అటూ ఇటూ తిరిగేవాడు.

నెల దాటాక అక్క సూది పట్టింది. ఒక కన్నుతో చూస్తే ఏది దగ్గరో ఏది దూరమో తెలియదు. సూది మొన పోగు పక్కన పడేది. మళ్ళీ పొడిచేది, మళ్ళీ పక్కన. వేలి చివర్లన్నీ గాట్లు. షుగరు మనిషికి అవి మానవు. అలాగే పళ్ళు బిగించి ఒక కోటు పూర్తిచేసింది. దాని యజమాని కిటికీ దగ్గరికెళ్ళి చూసి, మొహమాటపడుతూ, "ఇక్కడ కాస్త తెలుస్తోందమ్మా" అన్నాడు. అక్క ఆ కోటు మడత పెట్టి అతని చేతిలో పెట్టి, కూలి వద్దంది. ఆ సాయంత్రం మిగతావాళ్ళ బట్టలన్నీ మూట కట్టి, ఎవరివి వాళ్ళకి ఇచ్చి రమ్మని బావని పంపించింది.

బావ మూట భుజాన వేసుకుని వానలో వెళ్ళడం చూశాను. మర్నాడు తలుపు తట్టకుండానే పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళాను. పుస్తకం తెరిచి అక్క పేజీ ఆయన ముందు పెట్టాను. పక్కన బుధవారం రిపోర్టు పెట్టాను.

"చుక్కలు సరిగ్గా వేశారా అని అడిగారు కదా సార్. వేశాం. నేనే వేశాను. ఏ సూక్ష్మజీవిని చంపడానికి వేశానో అది ఏడాది ముందే దానికి లొంగడం మానేసింది. ఇదిగో తేదీ."

"కూర్చో అమ్మా."

"కూర్చోను సార్. నా తప్పు కూడా ఉంది. మంటగా ఉందంటే అయోడిన్ ముందే కడిగించాను. అది నేను ఇంట్లో ఒప్పుకున్నాను, ఇక్కడా ఒప్పుకుంటాను, కావాలంటే నా ఫైల్లో రాసుకోండి. మీ తప్పు మీరెక్కడ రాసుకుంటారు?"

ఆయన మొహం ఎర్రబడింది. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు.

పది రోజుల తరవాత నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. ఇకమీదట కంటి ఇంజెక్షన్లకి ముందుగానీ తరవాతగానీ యాంటీబయాటిక్ చుక్కలు ఇవ్వరాదు. అయోడిన్ గడియారం పెట్టి పూర్తి సమయం ఉంచవలెను. ఎందుకో లేదు. ఎవరివల్లనో లేదు. రెండు వాక్యాలు. నర్సమ్మ నా పక్కన నిలబడి, "పోన్లే, నీ మాట నెగ్గింది" అంది. నాకు ఆ కాగితం పీకి ముక్కలు చేయాలనిపించింది. ఆ రెండు వాక్యాలు రాయడానికి మూడేళ్ళూ, మా అక్క కన్నూ కావాల్సి వచ్చాయి.

కుడి కంటి ఇంజెక్షన్ రోజున అక్క బావతోనే వెళ్ళింది, నన్ను రావద్దంది. అయోడిన్ వేసి గడియారం పెడితే మోగేదాకా కిక్కురుమనలేదట. బయటికి వస్తూ బావ అలవాటుకొద్దీ చుక్కల సీసా ఏదని కౌంటర్లో అడిగాడట. "పదవయ్యా బాబూ" అని అక్క రెక్క పట్టుకుని లాక్కొచ్చిందట. ఆ కంటికి ఏమీ కాలేదు. ఆ తరవాత కూడా కాలేదు.

వానలు వెనకబట్టాక ఆసుపత్రి నాలుగో అంతస్తు హాల్లో డాక్టర్ల సమావేశం పెట్టారు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. పెద్ద డాక్టరు ప్రసంగం చుక్కల గురించేనని తెలిసి, ఇంట్లో బావతో అన్నాను. అక్క వినేలాగానే అన్నాను.

"నేనూ వస్తానని చెప్పు దానికి" అంది అక్క.

చివరి వరసలో కూర్చున్నాం. తెర మీద నా అంకెలు వచ్చాయి. నేను ఎర్ర సిరాతో పెట్టిన గుర్తులు రంగురంగుల స్తంభాలై లేచాయి. "మా ఆసుపత్రిలో మేము మూడేళ్ళుగా నిశితంగా గమనిస్తున్న విషయం" అన్నారు పెద్ద డాక్టరు. నా గోళ్ళు అరచేతిలో దిగబడ్డాయి. తరవాత ఒక ఫోటో వచ్చింది. గోడంత కన్ను. ఎర్రటి కన్ను, నల్లగుడ్డు అడుగున తెల్లగా చీము గట్టింది. ఒక మహిళ, యాభై రెండేళ్ళు, మధుమేహం, ఎడమ కన్ను అని కింద రాసి ఉంది.

"అది నాదేనా?" అంది అక్క. రెండు నెలల తరవాత నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

"నీదే."

అక్క ప్రసంగం చివరిదాకా కూర్చుంది. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని ఆయన అడగగానే లేచి నిలబడింది. మైకు పట్టుకున్న మనిషి ఆమె చీరనీ, చేతి సంచీనీ చూసి తటపటాయించాడు. అక్కకి మైకు అక్కర్లేకపోయింది.

"డాక్టరు గారూ, ఆ బొమ్మలో ఉన్న కన్ను నాదండీ."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పెద్ద డాక్టరు చేతిలో లైటు పుల్ల అలాగే ఉండిపోయింది. దాని ఎర్ర చుక్క తెర మీద వెలుగుతూనే ఉంది.

"ఈ లెక్కలన్నీ రాసింది మా చెల్లెలు. మూడుసార్లు మీ దగ్గరికి తెచ్చిందట. అప్పుడెందుకు వినలేదండీ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఇలాంటి మార్పు చేయాలంటే... అప్పటికి మా దగ్గర ఆధారాలు సరిపోలేదు."

"నా కన్ను పోయాక సరిపోయాయన్నమాట" అంది అక్క.

ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ, ఆవిడా డాక్టరే, తల దించుకుంది. ఆయన నీళ్ళ గ్లాసు కోసం తడుముకున్నారు. సభ నడుపుతున్నాయన లేచి, టీ విరామమని ప్రకటించాడు.

మేము టీ తాగలేదు. లిఫ్టు దగ్గర జనం ఉన్నారని మెట్లవైపు నడిచాం. బావ ముందు దిగిపోయాడు, స్కూటర్ తీయడానికి. మొదటి మెట్టు దగ్గర అక్క ఆగిపోయింది. పాదంతో అంచు వెతుక్కుంటోంది. నేను కుడివైపు నిలబడి చెయ్యి చాపాలా వద్దా అని సందేహిస్తున్నాను.

"నీ మీద నా కోపం తగ్గిందనుకోకు" అంది, నా వైపు చూడకుండానే.

"అనుకోవట్లేదు."

"తగ్గదు కూడా."

"తగ్గనివ్వకు."

వెనక హాల్లో కప్పుల చప్పుడు మొదలైంది.

"అయితే ఈ పక్కన నిలబడి ఏం చేస్తావే? ఎడమ పక్కకి రా. అటు కదా నాకు కనిపించనిది" అంది, చెయ్యి చాపుతూ.